వీడియో సమావేశపు చట్రానికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ చట్రం గారికి, ఒక డిజైన్ బృందం నమస్కరించి వ్రాయునది ఏమనగా: నమస్కరించిన సంగతి మీకు తెలిసి ఉండదు, ఎందుకంటే జోడించిన చేతులు మీ అంచుకు కిందే ఉండిపోయాయి.

మా తలలను మాత్రం మీరు ఎంతో శ్రద్ధగా చూపిస్తున్నారు. మీ పుణ్యమా అని పైన అందరమూ రాహువులమై వెలుగుతుంటే, పని చేయవలసిన కేతువులు కింద చీకట్లో చేతులు తిప్పుకుంటున్నారు. మొన్న మా సహోద్యోగి ఒకరు మందుల పెట్టె మూత గురించి వివరిస్తూ, ‘ఇది ఇలా వచ్చి, ఇక్కడ ఆగి, అప్పుడు అటు తిరగాలి’ అన్నారు. మూత తిరిగిన తీరంతా ఆయన చేతుల్లోనే ఉంది, మాకు కనిపించింది ఆయన కనుబొమలు. చేతులు కాస్త పైకెత్తమని కోరితే, వెనకనున్న గోడతోపాటు వేళ్లను కూడా మీరు మసకలో కలిపేశారు.

1980ల చివర జాన్ టాంగ్ అనే పరిశోధకుడు, చిన్న బృందాలు ఒకే బల్ల చుట్టూ చేరి డిజైన్ చేస్తుండగా వీడియో తీసి పరిశీలించి, ఆ కాగితాల దగ్గర జరిగే పనుల్లో దాదాపు మూడో వంతు చేతి సైగలేనని తేల్చారు. పరికరం ఏ వరుసలో కదులుతుందో నటించి చూపడం, బొమ్మలో ఫలానా చోటును తాకడం, ఇక నా వంతు అన్నట్టు కాగితం వైపు చెయ్యి చాపడం, అన్నీ అందులోవే. తరువాత ఆయన స్కాట్ మిన్నెమన్‌తో కలిసి జిరాక్స్ పరిశోధన కేంద్రంలో రూపొందించిన, దూరదూరంగా ఉన్నవారు కలిసి బొమ్మలు గీసుకునే వీడియోడ్రా అనే ఏర్పాటులో కెమెరా గీసే చేతులపైనే ఉండేది; 1991 నాటి వీడియోవైట్‌బోర్డ్‌లో అవతలివారి నీడ, చేతులతో సహా, తెరపై కదిలేది. మీ వంశంలో తెలివైన పెద్దలు ఉండేవారని చెప్పడమే మా ఉద్దేశం, ఎత్తిపొడుపు కాదు.

రెండు అరచేతులను ఎడంగా పెట్టి ‘ఇంత’ అంటే అది ఇంకా కుదురుకోని ఆలోచన అని, దానితో ఎవరూ తగవు పెట్టుకోరాదని బల్ల దగ్గర అందరికీ తెలుసు. మీ దగ్గర చేతులు పనికిరాక, అదే ఆలోచనను మౌస్‌తో పెట్టెగా గీస్తే, అది నూట ఇరవై మిల్లీమీటర్లా, నూట ముప్పయ్యా అని గంట గడిచిపోతుంది, మూత సంగతి మిగిలిపోతుంది.

పరిహారంగా మీరు ప్రసాదించిన పసుపుపచ్చ బొమ్మ చెయ్యికి ఎత్తడమే తప్ప వంచడం, తిప్పడం, చూపడం రావు. కనుక వచ్చే సమావేశం నుంచి మా కెమెరాలను బల్లమీదికి వంచేస్తున్నాము. అభ్యంతరం ఉంటే, తమరు ఆ బొమ్మ చెయ్యిని ఎత్తవచ్చు.

ఇట్లు,
ఒక డిజైన్ బృందం