టవర్లు పోయాయి సరే, లైన్ల సంగతేంటి?

2024 ఆగస్టు 5న పాల్వంచలో కేటీపీఎస్ (కొత్తగూడెం థర్మల్ పవర్ స్టేషన్) పాత బొగ్గు ప్లాంటు కూలింగ్ టవర్లు ఎనిమిదింటినీ పేలుడు పదార్థాలు పెట్టి కూల్చేశారు. కొత్తగూడెంలో భద్రాచలం బస్సెక్కితే అల్లంత దూరం నుంచే కనబడే టవర్లవి. నడుం విరిగినట్టు ఒరిగి, దుమ్ములో కలిసిపోయాయి. ఆ వీడియో చూడనివాళ్లు తక్కువ. తర్వాత ఆ స్థలం ఏమవుతుందని అడిగినవాళ్లు ఇంకా తక్కువ.

స్థలం అనగానే మనవాళ్లు ఎకరాలు లెక్కేస్తారు. నన్నడిగితే అక్కడ అంతకంటే విలువైన ఆస్తి ఆ 720 మెగావాట్ల పాత ప్లాంటు కరెంటును యాభై ఏళ్లు మోసిన లైన్లు. ఇవాళ కొత్త లైను వేయాలంటే స్తంభం స్తంభానికీ రైతులతో పేచీ, అడవి దాటాలంటే అనుమతులు. సోలార్ ప్లాంటు ఏడాదిలో లేస్తుంది, దాని కరెంటు బయటికెళ్లే దారికే ఏళ్లు పడుతుంది. పాల్వంచలో ఆ దారి ఎప్పుడో వేసేశారు.

అందుకే అక్కడ బ్యాటరీలు పెట్టాలి. సోలార్ పలకలు వద్దు, మెగావాటుకు నాలుగైదు ఎకరాలు మింగుతాయి. బ్యాటరీలంటే లారీ కంటైనర్లంత పెట్టెల వరసలు, అంతే. మధ్యాహ్నం సోలార్ కరెంటు చవగ్గా పొంగిపొర్లుతున్నప్పుడు నింపుకోవాలి, చీకటిపడి ఇంటింటా లైట్లూ ఏసీలూ ఒక్కసారే వేసినప్పుడు వదలాలి. బొగ్గు ప్లాంటు బాయిలర్ వేడెక్కడానికి గంటలు కావాలి, బ్యాటరీకి సెకన్లు చాలు. 2030 నాటికి మరో 20 వేల మెగావాట్ల పునరుత్పాదక విద్యుత్ తెస్తామని తెలంగాణ 2025లో పాలసీ ప్రకటించింది. పగలు వచ్చే ఆ కరెంటును రాత్రికి దాచే చోటు ఎక్కడో చూపించాలి కదా!

పక్కనే సింగరేణి ఉంది, మరో బొగ్గు ప్లాంటు కడితే పోలా అంటారు. ఉద్యోగాల మాట నేనూ కాదనను, బ్యాటరీ యార్డు పోషించేది కొద్దిమందినే. కానీ కేటీపీఎస్‌లోనే 800 మెగావాట్ల ఏడో దశ ప్లాంటు 2018లోనే అక్కడికి వచ్చింది. ఇంకోటి కడితే ఏళ్ల తరబడి దాని ఖర్చు మన బిల్లుల్లోనే.

ఇంతకీ ఇది తేల్చేదెవరు? పాల్వంచ ఏజెన్సీ ప్రాంతం. ఏజెన్సీ ఊళ్ల పంచాయతీల కోసం వచ్చిన పీసా చట్టం గ్రామసభకు నోరిచ్చింది, కానీ ఊరు మున్సిపాలిటీ కాబట్టి ఇక్కడ ఆ గ్రామసభే లేదు. పోనీ మున్సిపాలిటీకైనా దశాబ్దాల పాటు ఎన్నికల్లేవు, నడిపించింది అధికారులే. 2025లో కొత్తగూడెం కార్పొరేషన్‌లో కలిపేశారు. ప్లాంటు పెట్టాలన్నా, మూయాలన్నా, టవర్లు పేల్చాలన్నా హైదరాబాద్‌లో విద్యుత్ సంస్థల ఆఫీసు విద్యుత్ సౌధలో ఒక సంతకం చాలు. బూడిద మాత్రం పాల్వంచకు.

తర్వాతి టెండర్ పిలిచే ముందు, కేటీపీఎస్‌ను నడిపే ప్రభుత్వ సంస్థ జెన్‌కో పెద్దలు ఒక్కరోజు పాల్వంచ రావాలి. ఆ స్థలం మ్యాపు గోడకు తగిలించి, బూడిద ఎక్కడెక్కడ పోశారో, దాన్ని ఎప్పటికి ఎత్తుతారో ఊరి వాళ్ల ముందు నిలబడి చెప్పాలి. బ్యాటరీల లెక్క ఆ తర్వాత చూద్దాం.