కంప్యూటర్ ముందు కూర్చుని చేసేదీ జీవశాస్త్రమే

నెల్లూరు నుంచి ఒంగోలు దాకా బైపీసీ పిల్లల తల్లిదండ్రుల వాట్సాప్ బృందాల్లో ఒక సందేశం తిరుగుతోంది. దాని సారాంశం ఇది: కంప్యూటేషనల్ బయాలజీ (జీవశాస్త్ర డేటాను కంప్యూటర్‌తో విశ్లేషించే శాఖ) వారు ఒక్క ప్రయోగమూ చేయరు, పరుల డేటా మీద బతుకుతారు. సాఫ్ట్‌వేర్ వాడినవారంతా ఉటంకిస్తారు కనుక వారి సైటేషన్లు (తమ పత్రాలను ఇతర పత్రాలు ఎన్నిసార్లు ఉటంకించాయన్న లెక్క) ఉత్త గాలి. పరిశోధన పత్రంలో యాభై పేర్ల మధ్య వారి పేరు ఎక్కడో ఉంటుంది. మన రైతుకు వారి వల్ల పైసా లాభం లేదు.

చివరి మాటకే ముందు జవాబు చెప్పాలి. రొయ్యల చెరువుల మధ్య బతుకుతూ అనదగిన మాట కాదది. ముత్తుకూరు వైపైనా కొత్తపట్నం వైపైనా, రొయ్య పిల్లను చెరువులో వదిలే ముందు జాగ్రత్త గల రైతు పీసీఆర్ పరీక్ష చేయిస్తాడు. అందులో వైరస్‌ను పట్టేవి ప్రైమర్లు, అంటే ఇరవై అక్షరాలకు అటూఇటూ ఉండే డీఎన్ఏ ముక్కలు. అవి వైరస్‌కే అతుక్కోవాలి, రొయ్యకు అతుక్కోకూడదు. ఆ సంగతి జన్యుక్రమాలను, అంటే డీఎన్ఏ అక్షరాల వరుసలను, పక్కపక్కన పెట్టి పోలిస్తేనే తేలుతుంది. ఆ పోలిక కంప్యూటర్ పని.

అక్కడ పొరపాటు జరిగితే ఏమవుతుందో టైగర్ రొయ్య చూపించింది. ఐహెచ్‌హెచ్‌ఎన్‌వీ అనే వైరస్‌ను పోలిన ముక్కలు కొన్ని ప్రాంతాల టైగర్ రొయ్యల సొంత డీఎన్ఏలోనే కలిసిపోయి ఉన్నాయని 2006లో వెల్లడైంది. వైరస్ లేకపోయినా పాత ప్రైమర్లు ఉన్నట్టే చూపేవి. దాంతో ఆ ముక్కలకు అతుక్కోని ప్రైమర్లను కొత్తగా రూపొందించాల్సి వచ్చింది. ఆరోగ్యమైన పిల్లను రోగం పేరుతో పారబోస్తే నష్టం ఎంతో హేచరీ వారిని అడగండి. 1990లలో మన తీరాన్ని దెబ్బతీసిన తెల్లమచ్చ వైరస్ పూర్తి జన్యుక్రమం 2001లో వచ్చింది. సుమారు మూడు లక్షల అక్షరాల ఆ క్రమంలోని జన్యువుల్లో అత్యధికం అప్పటికి తెలిసిన వేటితోనూ కలవలేదు. ఈ సంగతి కూడా పోలికలోనే బయటపడింది.

ప్రయోగశాల లేకపోతే శాస్త్రం కాదా? 1963లో మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్ బృందం పరమాణువులు ఒకదానికొకటి ఎంత దగ్గరికి రాగలవో లెక్కగట్టి, ప్రోటీన్ గొలుసు ఏయే కోణాల్లో మలుపు తిరగగలదో చూపింది. ప్రయోగశాలల్లో తేల్చిన ప్రోటీన్ నిర్మాణాలు సరిగా ఉన్నాయో లేదో ఈనాటికీ ఆ కోణాలను చూపే రామచంద్రన్ పటంతో సరిచూస్తారు. 2024 రసాయన నోబెల్ ముగ్గురికి దక్కింది: ప్రోటీన్ల రూపకల్పనకు డేవిడ్ బేకర్‌కు, వాటి నిర్మాణాలను కంప్యూటర్‌తో ముందే అంచనా వేసినందుకు డెమిస్ హస్సాబిస్, జాన్ జంపర్‌లకు.

ఆ అంచనాకు ఆధారం 1971 నుంచి పోగుపడిన బహిరంగ ప్రోటీన్ నిర్మాణాల నిధి (ప్రోటీన్ డేటా బ్యాంక్). అది పరుల డేటాయే, కానీ నలుగురూ వాడుకోవడానికే దాన్ని అక్కడ ఉంచారు. మన ఒంగోలు జాతి నుంచి పుట్టిన బ్రెజిల్ నెలోర్ పశువు జన్యుక్రమం 2012లో ప్రచురితమైంది. దాన్ని మన ఊరి గిత్తతో పోల్చే ప్రశ్న ఒంగోలులో కూర్చున్న విద్యార్థి వేస్తే అది దొంగతనం ఎలా అవుతుంది?

సైటేషన్ల విషయంలో సందేశంలో కొంత నిజం ఉంది. జన్యుక్రమాలను వెదికి పోల్చే బ్లాస్ట్ అనే సాఫ్ట్‌వేర్ గురించిన 1990 నాటి పత్రం, 2014లో నేచర్ పత్రిక ప్రకటించిన అత్యధిక సైటేషన్ల జాబితాలో 12వ స్థానంలో నిలిచింది. పనిముట్టు కాబట్టే అన్ని సైటేషన్లు. కానీ అదే జాబితాలో మొదటి స్థానం ప్రోటీన్ పరిమాణం కొలిచే లౌరీ పద్ధతిది. 1951లో వచ్చిన ఆ పత్రానికి మూడు లక్షలకు పైగా సైటేషన్లు. అది అచ్చంగా పరీక్షనాళికల పని. పద్ధతి చెప్పిన పత్రాన్ని ఎక్కువమంది ఉటంకిస్తారు, అది ఏ శాఖదైనా సరే. అంకె ఒక్కటే చూసి మనిషిని పొగడడం ఎంత తప్పో, తీసిపారేయడమూ అంతే తప్పు. పరిశోధకులను సైటేషన్లతో కొలవడానికి 2005లో భౌతిక శాస్త్రవేత్త హిర్ష్ ప్రతిపాదించిన హెచ్-ఇండెక్స్ లెక్కలో, పది పత్రాలకు తలా పది సైటేషన్లు ఉంటే పది వస్తుంది. లోకమంతా వాడే పత్రం ఒక్కటే రాసినవారికి ఒకటే వస్తుంది.

ఇక పేర్ల సంగతి. జీవశాస్త్రంలో మొదటి పేరు సాధారణంగా పనిలో ఎక్కువ భాగం చేసినవారిది, చివరిది బృందానికి నాయకత్వం వహించినవారిది. ఒకరి పరిశోధన ఎలాంటిదో తెలియాలంటే వారు ఆ రెండు చోట్లా ఉన్న పత్రాలు తెరిచి చూడాలి. మధ్యలో ఉన్నప్పుడు ఎవరు ఏం చేశారో చాలా పత్రికలు పత్రం చివర విడిగా అచ్చువేస్తున్నాయి.