జర్మనీకి వచ్చి కూడా ఇంగ్లిష్ మీడియమేనా?

జర్మనీలో ఉద్యోగం ఖాయమైన తెలుగువాళ్ళు ఫోన్ చేస్తే మొదట ఇంటి అద్దె గురించి అడుగుతారు. ఆ వెంటనే, "అన్నా, అక్కడ మంచి ఇంటర్నేషనల్ స్కూల్ ఏది?" అంటారు. ఆ రెండో ప్రశ్న దగ్గరే నాకు పేచీ. పిల్లల వయసు అయిదారేళ్ళయి, మీరు కనీసం నాలుగేళ్ళు ఇక్కడ ఉందామనుకుంటే, ఇంటి దగ్గర ఉన్న ప్రభుత్వ ప్రాథమిక బడిలో, అంటే గ్రుండ్‌షూలలో చేర్చండి.

ఆరేళ్ళకు బడి తప్పనిసరి, ఇంట్లోనే చదివిస్తామంటే కుదరదు, ప్రభుత్వ బడికి ఫీజు లేదు, చదువుల వ్యవహారం పదహారు రాష్ట్రాల చేతుల్లో ఉంటుంది. ఇదంతా మీకు తెలిసిందే. (సెలవులకు రెండు రోజుల ముందే పిల్లల్ని హైదరాబాద్ ఫ్లైట్ ఎక్కించినా జరిమానా పడొచ్చు, బవేరియాలో ఎయిర్‌పోర్టులోనే పోలీసులు ఆపి అడిగిన సందర్భాలున్నాయి, జాగ్రత్త.)

పేరున్న ఇంటర్నేషనల్ స్కూళ్ళలో ఫీజు మామూలుగా ఏడాదికి 15,000 నుంచి 25,000 యూరోల మధ్య ఉంటుంది, చేర్చుకునేటప్పుడు కట్టేది వేరే. 2025లో బ్లూ కార్డుకు, అంటే పెద్ద చదువులు చదివిన విదేశీ ఉద్యోగులకిచ్చే పర్మిట్‌కు, మామూలుగా కావలసిన కనీస జీతం ఏడాదికి 48,300 యూరోలు, అదీ పన్ను కోతలకు ముందు. ఇద్దరు పిల్లలుంటే లెక్క మీరే వేసుకోండి. ఫీజులో 30 శాతం, పిల్లకు ఏడాదికి 5,000 యూరోలకు మించకుండా, పన్ను లెక్కలో చూపించుకోవచ్చని కొందరు ధైర్యం చెబుతారు. అది ఆదాయంలోంచి తగ్గించి చూపే మొత్తమే, తిరిగి చేతికొచ్చే డబ్బు కాదు. అసలు ఈ స్కూళ్ళు ఎవరి అవసరం మీద నడుస్తున్నాయి? హాంబుర్గ్‌ది 1957లో, ఫ్రాంక్‌ఫర్ట్‌ది 1961లో మొదలయ్యాయి. రెండు మూడేళ్ళకోసారి దేశం మారే పెద్ద ఉద్యోగుల పిల్లలకు అవి సరిగ్గా సరిపోతాయి, ఆ ఫీజు చాలావరకు కంపెనీలే కట్టేవి. మనలో ఎక్కువమందిమి లోకల్ కాంట్రాక్టు మీద వచ్చినవాళ్ళం, ఆ డబ్బు మన జీతంలోంచే పోవాలి.

నిజంగా రెండేళ్ళ డెప్యుటేషన్ మీద వచ్చి తిరిగి వెళ్ళిపోయేవాళ్ళకు, తొమ్మిదో పదో తరగతి పిల్లలతో వచ్చినవాళ్ళకు నా మాట వర్తించదు. పదిహేనేళ్ళ పిల్లాణ్ణి భాష రాని తరగతిలో కూర్చోబెట్టి ఫిజిక్స్ నేర్చుకోమంటే అన్యాయం, వాళ్ళకు ఇంటర్నేషనల్ స్కూళ్ళలో ఉండే ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియెట్) చదువే దారి.

మిగతావాళ్ళ అసలు భయం నాలుగో తరగతి. బెర్లిన్, బ్రాండెన్‌బుర్గ్ తప్ప దాదాపు అన్నిచోట్లా నాలుగేళ్ళకే గ్రుండ్‌షూల అయిపోయి దారులు చీలిపోతాయి. బవేరియాలోనైతే జర్మన్, లెక్కలు, పరిసరాల పాఠం ఈ మూడింటి సగటు 2.33 లోపల ఉంటేనే గిమ్నాజియుమ్‌కు, అంటే యూనివర్సిటీకి తీసుకెళ్ళే హైస్కూలుకు, నేరుగా దారి (ఇక్కడ 1 అంటే అన్నిటికన్నా మంచి మార్కు). పదేళ్ళ పిల్లల మీద ఈ టెన్షన్ నాకూ నచ్చదు. కానీ ఆ భయం ఉన్నవాళ్ళు ముందుగా, అయిదేళ్ళకే పిల్లల్ని జర్మన్‌లోకి దించాలి తప్ప ఇంగ్లిష్ స్కూల్లో దాచి ఆరో తరగతిలో బయటికి తీస్తే అప్పుడు నిజంగానే ఆలస్యమవుతుంది. పైగా గిమ్నాజియుమ్ దొరకనంత మాత్రాన యూనివర్సిటీ తలుపు మూసుకుపోదు, దాని తర్వాతి స్థాయి హైస్కూలైన రియాల్‌షూల నుంచి కూడా పైకి వెళ్ళే మెట్లున్నాయి. ఇంకో సంగతి, ఇక్కడి ప్రభుత్వ యూనివర్సిటీల్లో బ్యాచిలర్ కోర్సుల్లో అత్యధికం జర్మన్‌లోనే నడుస్తాయి. పన్నెండేళ్ళు ఈ దేశంలో పెరిగిన పిల్ల ఊళ్ళో యూనివర్సిటీలో చేరలేక ఇంగ్లిష్ కోర్సు వెతుక్కుంటూ ఊరు దాటాల్సి రావడం కన్నా బాధ ఏముంటుంది?

మా పాప బడిలో చేరేనాటికి దానికి జర్మన్ పది మాటలు వచ్చు. మొదటి రోజు ఇక్కడి ఆచారం ప్రకారం పెద్ద అట్ట శంకువులాంటి షూల్‌ట్యూటె నిండా చాక్లెట్లు, రంగు పెన్సిళ్ళు నింపి చేతికిచ్చాం, దాని ఎత్తులో సగం ఉంది అది. ఆ తర్వాత మూడు నెలలు క్లాసులో నోరు విప్పలేదు. తప్పు చేశామేమోనని నేనూ మా ఆవిడా రాత్రుళ్ళు కూర్చుని మాట్లాడుకున్న మాట నిజం. డిసెంబర్లో ఒకరోజు బేకరీలో నేను మాట కోసం తడుముకుంటుంటే నా చెయ్యి లాగి, "నాన్నా, నేనడుగుతా" అని ముందుకెళ్ళి రెండు బ్రెట్సెల్ అడిగి, చిల్లర లెక్కపెట్టి మరీ తీసుకుంది. స్నేహితురాలు మూడు ఇళ్ళ అవతలే ఉంటుంది, ఇద్దరూ కలిసి నడిచి వెళతారు. బస్సులో గంట ప్రయాణం చేసి ఊరి చివరి స్కూలుకు వెళ్ళొచ్చే పిల్లకు ఆ వీధి ఎప్పటికీ సొంతం కాదు.

నాకు అన్నిటికన్నా ముఖ్యమైన విషయం వేరే ఉంది. ఇంటర్నేషనల్ స్కూలుకెళ్ళే పిల్లల ఇళ్ళలో తెలుగు రెండేళ్ళలో అడుగంటిపోవడం నేను కళ్ళారా చూస్తున్నాను. బడిలో ఇంగ్లిష్, అమ్మానాన్నలకూ ఇంగ్లిష్ వచ్చు, ఇక తెలుగుతో పనేముంది? జర్మన్ బడికెళ్ళే పిల్లల ఇళ్ళలో అలా జరగడం తక్కువ, ఎందుకంటే అమ్మానాన్నలకు జర్మన్ అంతంతమాత్రం, గుమ్మం లోపలికొస్తే మాట్లాడుకోవడానికి తెలుగే మిగులుతుంది. ఇంగ్లిష్ ఎలాగూ వస్తుంది, చాలా రాష్ట్రాల్లో మూడో తరగతి నుంచే బడిలో చెబుతారు. మనకు జర్మన్ రాకపోవడమే ఇక్కడ మన పిల్లల తెలుగుకు కాపలా కాస్తోంది.

ఈ ఇంగ్లిష్ మీడియం భయం మనతోపాటు విమానంలో వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో ప్రభుత్వ బడుల్ని ఇంగ్లిష్ మీడియంలోకి మార్చే జీవో ఇచ్చారు, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టేసింది. 2022-23 నుంచి తెలంగాణ కూడా అదే దారి పట్టింది. సొంత భాషలో చదివితే వెనకబడిపోతారన్నది మనకు ఉగ్గుపాలతో పోసిన మాట. కార్లు, యంత్రాలు, మందులు చేసి లోకానికి అమ్మే ఈ దేశం తన పిల్లలకు లెక్కలూ కెమిస్ట్రీ తన భాషలోనే చెబుతోంది, మనం ఆ కంపెనీల్లోనే పనిచేస్తున్నాం, రోజూ చూస్తున్నాం, అయినా పిల్లల దగ్గరికొచ్చేసరికి మళ్ళీ అమీర్‌పేట బుద్ధే!

కాబట్టి అయిదేళ్ళ పిల్లతో వస్తున్నవాళ్ళు స్కూల్ పేరు కన్నా ముందు కిండర్‌గార్టెన్‌లాంటి కిటాలో సీటు సంగతి చూడండి, బడికి ముందు అక్కడ గడిచే ఒక్క ఏడాది చాలా పని చేస్తుంది. బెర్లిన్ అయితే నెల్సన్ మండేలా, జాన్ ఎఫ్. కెన్నడీ లాంటి రెండు భాషల ప్రభుత్వ స్కూళ్ళున్నాయి, ఫీజు లేదు, పోటీ మాత్రం గట్టిగా ఉంటుంది, ప్రయత్నించండి. తల్లిదండ్రుల మీటింగుకు పిలిస్తే భాష రాదని ఎగ్గొట్టకుండా వెళ్ళి ఆ చిన్న కుర్చీల్లో కూర్చోండి. మొదటి నెలల్లో పిల్ల ఏడుస్తుంది, దానికి సిద్ధపడండి. సాయంత్రం ఇంటికి రాగానే "హౌ వజ్ స్కూల్?" అనకండి, "ఇవాళ ఏం చేశావమ్మా?" అని అడగండి.