అందరి ఊపిరీ ఇరవయ్యేనా?

ఏ పెద్దాసుపత్రికైనా వెళ్లి వార్డులో టీపీఆర్ చార్టులు (రోగి జ్వరం, పల్స్, ఊపిరి రాసే కాగితాలు) ఓసారి తిరగేయండి. జ్వరం మారుతుంది, పల్స్ మారుతుంది, బీపీ మారుతుంది. నిమిషానికి ఎన్నిసార్లో రాసే ఊపిరి గడిలో మాత్రం చాలాచోట్ల పొద్దున 20, సాయంత్రం 20, పక్క మంచం మీద డొక్కలెగరేస్తున్న పెద్దాయనకూ 20. బీపీకి మిషన్ ఉంది, ఆక్సిజన్‌కి వేలికి తగిలించే క్లిప్పు ఉంది, ఊపిరికి మాత్రం రోగి ఛాతీ చూస్తూ ఓ నిమిషం నిలబడాలి.

ఇది రాతకోతల్లో చిన్న పొరపాటని మేం అనుకోవడం లేదు. మనిషి విషమిస్తున్నాడని ఒళ్లు ముందుగా చెప్పే సంగతుల్లో ఊపిరి వేగం ఒకటి, చాలాసార్లు బీపీ పడిపోకముందే అది పెరుగుతుంది. రోగి విషమిస్తున్నాడేమో ముందే పసిగట్టడానికి బ్రిటన్‌లో 2012లో తెచ్చిన 'న్యూస్' స్కోరులో ఊపిరి నిమిషానికి 12 నుంచి 20 దాకా ఉంటే సున్నా పాయింట్లు, 24 దాటితే 3. ఆ ఒక్క గడిలో 3 వచ్చినా వెంటనే ఎవరో ఒకరు వచ్చి చూడాలి. 20 అని రాసేస్తే ఇక ఎవరొస్తారు?

తప్పంతా వార్డులో ఈ అంకెలు రాసే నర్సింగ్ పిల్లలదేనా? పోస్టింగ్‌లో వాళ్లు శాంపిళ్లు ల్యాబ్‌కి ఇచ్చొస్తారు, ఫైళ్లు మోస్తారు, రాత్రి హాస్టల్లో సీనియర్ రికార్డు ముందేసుకుని కేర్ ప్లాన్ దించేస్తారు (దించిందని టీచర్‌కీ తెలుసు). 2021లో ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ బీఎస్సీ సిలబస్ మార్చి సెమిస్టర్లు తెచ్చింది, హెల్త్ అసెస్‌మెంట్‌కి మాడ్యూల్ పెట్టింది. బాగుంది. కానీ మంచం పక్కన నిలబెట్టి "ఈయన్ని చూస్తే నీకేమనిపిస్తోంది, ఎందుకనిపిస్తోంది, ముందేం చేస్తావ్?" అని అడిగేదెవరు? పైగా ఏ అమ్మాయైనా ధైర్యం చేసి "సార్, ఈయనెందుకో బాలేరు" అంటే, "బీపీ ఎంత? బానే ఉందిగా, ఏం కాదులే" అన్న జవాబు రెండుసార్లు విన్నాక మూడోసారి నోరెత్తదు.

అమెరికా వెళ్దామని ఎన్‌క్లెక్స్ (అక్కడ నర్సు లైసెన్సుకి రాసే పరీక్ష) కోచింగ్‌లో చేరాక మన పిల్లలకు ఇవే ప్రశ్నలు ఎదురవుతున్నాయి, ఈసారి ఫీజు కట్టి మరీ. 2023 ఏప్రిల్ నుంచి ఆ పరీక్ష రోగి కేసు ఇచ్చి, ఇందులో నిన్ను కంగారు పెట్టాల్సింది ఏది, ముందు దేని సంగతి చూస్తావు అని అడుగుతోంది. అదేదో ఇక్కడి కాలేజీలోనే నేర్పితే మన ఊరి రోగికీ పనికొచ్చేది కదా.

టీచింగ్ ఆసుపత్రిలో ముగ్గురు రోగులకు ఒక నర్సు ఉండాలన్నది కౌన్సిల్ లెక్కే. నైట్ డ్యూటీలో వార్డంతటికీ ఒకరో ఇద్దరో ఉంటే ఆ నిమిషం ఎక్కణ్నుంచి తెమ్మంటారు అని సిస్టర్లు అడిగితే మా దగ్గర సమాధానం లేదు, అది ప్రభుత్వాలూ యాజమాన్యాలూ చెప్పాలి.

ప్రాక్టికల్ పరీక్ష మార్చడానికి మాత్రం కొత్త పోస్టులేమీ అక్కర్లేదు. విద్యార్థి ఊపిరి లెక్కపెడుతున్నప్పుడు ఎగ్జామినర్ కూడా వాచీ చూసుకుంటూ అదే రోగికి లెక్కపెట్టాలి. 28 అని చెప్తే, అంతటితో మార్కులు వేసేయకుండా, ఇప్పుడు ఎవరికి ఫోన్ చేస్తావు, ఏమని చెప్తావు అని అడగాలి.