పెరటి కొలనుగారికి లెక్కల టీచరు రాయునది

మహారాజశ్రీ పెరటి కొలనుగారి దివ్యసముఖానికి,

విశాఖపట్నం, సీతమ్మధార కొండవాలు వాస్తవ్యురాలు, రిటైరైన లెక్కల టీచరు నమస్కరించి చేసుకునే విన్నపం. ఇక్కడ మేమంతా క్షేమం. తమరి క్షేమం అడగాల్సిన పని లేదు. రోజూ పొద్దున్నే వంటింటి కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. నిన్నటికంటే రెండు వేళ్లు కిందికి దిగి, గోడ మీద కొత్త పాచి గీత మిగిల్చి, ఏమీ ఎరగనట్టు ఆకాశాన్ని చూపిస్తూ పడుకుని ఉంటారు.

నేను ముప్పై ఏళ్లు పిల్లలకు ఒక లెక్క చెప్పాను. ఒక తొట్టిని ఒక కుళాయి 4 గంటల్లో నింపును. అడుగునున్న గొట్టం 6 గంటల్లో ఖాళీ చేయును. రెండూ ఒకేసారి తెరిచిన ఆ తొట్టి ఎన్ని గంటల్లో నిండును? జవాబు 12. ఏటా ఎవడో ఒక వెనక బెంచీవాడు లేచేవాడు. ‘టీచర్, కింది గొట్టం కట్టేస్తే పోద్ది కదా?’ అనేవాడు. క్లాసంతా గొల్లున నవ్వేది. వాణ్ణి కూర్చోబెట్టి, లెక్కలో ఇచ్చింది చెయ్యరా అనేదాన్ని. ఆ పిల్లల ఉసురు ఊరికే పోతుందా? సరిగ్గా రిటైరైన ఏడాదికి అదే తొట్టి మా పెరట్లో వెలిసింది.

తమరి జననం గురించి తమరికి తెలియకపోవచ్చు. మా వారికి ఉద్యోగం అయిపోయాక చేతులు ఊరుకోలేదు. ‘పది అడుగుల పొడుగు, ఆరడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల లోతు. నాలుగు కలువలు, పది చేపలు. సాయంత్రం ఒడ్డున కూర్చుని టీ తాగుదాం’ అన్నారు. నేను మనసులో గుణించుకున్నాను. 150 ఘనపుటడుగులు, అంటే 4,200 లీటర్ల పైచిలుకు. అప్పుడే నోరు తెరవాల్సింది. టీ అనేసరికి మెత్తబడ్డాను.

మొదటి నెలలోనే దిగడం మొదలుపెట్టారు. ‘ఎండలు కదే, ఆవిరైపోతోంది’ అన్నారు మా వారు. వానల్లోనూ దిగారు. ‘చేపలు తాగుతున్నాయేమో’ అన్నారు. ఇది హాస్యానికి అన్న మాట కాదు. ఆయన ముఖం నేను చూశాను.

ఇంతకీ ఏ నీళ్లు తాగారో తెలుసా తమరు? ఈ ఊరికి నీళ్లు ఊరికే రావు. గోస్తనీ మీద తాటిపూడి నుంచి వస్తాయి, మేఘాద్రిగెడ్డ నుంచి వస్తాయి, రైవాడ నుంచి వస్తాయి. ఏలేశ్వరంలో బయల్దేరిన ఏలేరు నీళ్లయితే వంద కిలోమీటర్లకు పైగా కాలువలో నడిచొస్తాయి. అలా పడుతూ లేస్తూ మా వీధి కుళాయి దాకా చేరినవాటిని తమరు ఏ ఊరని అడక్కుండా, ఏ నది అని చూడకుండా, సమదృష్టితో నేలపాలు చేశారు. సింహాచలం కొండ మీద గంగధార ఉంది. ఇటు మాధవధార ఉంది. మేముండేది సీతమ్మధార. ఇన్ని ధారల మధ్య పుట్టి ఒక్క ధారనైనా ఒంట పట్టించుకోని ప్రబుద్ధులు తమరొక్కరే.

వైద్యం చేయించలేదనకండి. మొదటి ఏడు మేస్త్రి వచ్చి ఒడ్డున గొంతుకూర్చున్నాడు. ‘ఏటి కాదమ్మగారూ, సిన్న నెర్రి. సిమెంటు పాలు పట్టిత్తే సచ్చినట్టు ఊరుకుంటాది’ అన్నాడు. పట్టించాం. మూడు నెలలు ఊరుకున్నారు. రెండో ఏడు వాటర్‌ప్రూఫ్ మందు కలిపి మళ్లీ పూత. మూడో ఏడు తారు. చేపలకు తారు వాసన, మాకు తారు వాసన, టీకి తారు వాసన. నాలుగో ఏడు బాత్రూముకు వేసే నీలం టైల్సు వేయించారు మా వారు, లోపల రోగం అలాగే ఉండగా కొత్త చొక్కా తొడిగినట్టు. చుట్టాలొచ్చి ‘అబ్బ, స్విమ్మింగ్ పూలులా ఉంది’ అన్నారు. అవును, ఈత కొట్టేవాడికి మోకాలి బంటి నీళ్లు. ఒకాయన వాస్తు చూస్తానని వచ్చాడు. తమరు ఈశాన్యంలోనే ఉన్నారు, ఆయనకూ సాకు దొరకలేదు. కాఫీ తాగి వెళ్లిపోయాడు.

ఆరేళ్లు. పైన ఏం పుయ్యాలి అని అందరం అడిగాం. ఎంత పోతోంది, ఎక్కడ పోతోంది అని ఒక్కరూ అడగలేదు. లెక్కల టీచరునై ఉండి నేనూ అడగలేదు. ఆ సిగ్గుతోనే ఈ ఉత్తరం.

ఈ సంక్రాంతి వెళ్లాక, శాలువా కప్పుకుని ఒడ్డున కూర్చుంటే అన్నారాయన, ‘ఎండలు కదే...’ అని. అలవాటులో వచ్చేసింది పాపం. లేచి వెళ్లి బకెట్టు తెచ్చాను.

ఇక నుంచి ‘తమరు’ లేదు. విను.

నీ మెట్టు మీద బకెట్టు నిలబెట్టి, లోపల నీళ్లూ బయట నీళ్లూ ఒకే ఎత్తులో ఉండేలా నింపాను. ఫౌంటెన్ మోటారు ఆపేశాను. రెండింటికీ అదే ఎండ, అదే గాలి. ఆవిరయ్యేది రెండింట్లోనూ ఒకేలా అవ్వాలి. మర్నాడు అదే వేళకి స్కేలు పెట్టి కొలిచాను. బకెట్టులో 4 మిల్లీమీటర్లు తగ్గింది. నీలో 48. భాగిస్తే ఎంత? మళ్లీ 12. ఆ జవాబు నన్ను వదిలేలా లేదు. ఆవిరి వాటా తీసేస్తే 44 మిల్లీమీటర్లు, అరవై చదరపుటడుగుల మీద. రోజుకు సుమారు 245 లీటర్లు. మా ఇంట్లో బిందె 15 లీటర్లు పడుతుంది. అంటే పదహారు బిందెలు! పెళ్లివారింట్లో కూడా అన్ని బిందెలు వాడరు. కాగితం మీద వేసి చూపిస్తే మా వారు కళ్లజోడు తుడుచుకుని రెండోసారి కూడారు. జవాబు మారలేదు.

తర్వాత చేపల్ని డ్రమ్ములోకి మార్చి నీళ్లు పొయ్యడం మానేశాను. మూడు వారాలు దిగి దిగి, అడుగుకి జానెడు పైన ఆగావు. ఎక్కడ ఆగావో దొంగ అక్కడే ఉంటాడు. ఆ గీతకు కాస్త పైదాకా నీళ్లు పోసి, అవి కదలకుండా నిలిచాక, పెన్నులో పోసే నీలం సిరా గోడ వెంబడి చుక్కలు చుక్కలుగా వేసుకుంటూ వెళ్లాను. మూడు వైపులా సిరా బద్ధకంగా మబ్బులా విప్పుకుంది. తూర్పు గోడ దగ్గర మాత్రం దారంలా సాగి టైలు సందులోకి దూరిపోయింది. చూస్తుంటే ఒళ్లు జలదరించింది. ఆరేళ్ల కుళాయి బిల్లు ఆ సందులోంచే వెళ్లింది.

తూర్పు అంటే పల్లం వైపు. తవ్విస్తే కథంతా బయటపడింది. కొండవాలులో స్థలం చదును చెయ్యడానికి ఎప్పుడో పోసిన రద్దు మీద నిన్ను కట్టారు. పెంకు ముక్కలు, కొబ్బరి డొక్కలు, ఒక హవాయి చెప్పు. ఎడమ కాలిది. దాని మీద దిమ్మిస పడలేదు, కింద కాంక్రీటు లేదు, నాలుగున్నర అంగుళాల గోడ. నాలుగు టన్నుల నీళ్లు మొయ్యమన్నారు. వాన పడ్డప్పుడల్లా ఆ రద్దు కుంగుతుంది, గోడ దాంతో పాటు ఒరుగుతుంది. పైన పూసినది వంగదు. వంగనిది పగులుతుంది. నువ్వు చేసిన తప్పేమీ లేదని అప్పుడు తెలిసింది. కానీ ఆరేళ్లు తిట్టిన తిట్లు వెనక్కి తీసుకోను. అవి హవాయి చెప్పు పేరున జమ చేసుకో.

మళ్లీ కట్టేటప్పుడు మేస్త్రికి ఒకటే చెప్పాను. ‘గోడ పని నిలబడడం. నీళ్లు పట్టే పని లోపల పరిచే రబ్బరు షీటుది. ఒకరి పని ఇంకొకరి నెత్తిన పెట్టకు.’ రద్దంతా ఎత్తిపోయించి, గట్టి నేల తగిలాక దిమ్మిస కొట్టించి, నాలుగంగుళాల బెడ్ కాంక్రీటు వేయించాం. దాని మీద తొమ్మిదంగుళాల ఇటుక గోడ. లోపల నున్నగా పూత, మూలలు గుండ్రంగా, షీటుకు ఎక్కడా మొన తగలకుండా. రబ్బరు లైనర్ మాట ఎత్తగానే మేస్త్రి మొహం ముడిచాడు. ‘షీటేసి నీళ్లు పోత్తే కొలనేటమ్మగారూ, రొయ్యల సెరువు!’ అన్నాడు. రొయ్యల చెరువులో నీళ్లు నిలుస్తాయి కదా బాబూ అన్నాను. తల గోక్కున్నాడు.

లైనర్ కొనే బాధ్యత మా వారు తీసుకున్నారు. పన్నెండు బై ఎనిమిది తెచ్చారు. ‘పది బై ఆరు కదా, చెరో రెండడుగులు ఎక్కువే తీసుకున్నా’ అన్నారు గర్వంగా. ముప్పై ఏళ్లు నా పక్కన కాపురం చేసిన మనిషి! షీటు గోడ వెంట దిగాలి, అడుగున నడవాలి, మళ్లీ ఎక్కాలి, ఒడ్డు మీద అటో అడుగు ఇటో అడుగు మిగలాలి. పొడుగుకు పదీ, దిగడానికీ ఎక్కడానికీ ఐదూ, ఒడ్డుకు రెండూ, వెరసి పదిహేడు. వెడల్పుకు పదమూడు. వెళ్లి మార్చుకొచ్చారు. దారిలో కొట్టువాడికి ఈ లెక్క తనే చెప్పారట.

పరిచింది నేనే. కింద మెత్తగా ఉండడానికి ముందు ఫెల్టు లాంటి గుడ్డ, పైన ఒక మిల్లీమీటరు మందం రబ్బరు. గట్టి ప్లాస్టిక్ అయితే గంజి పెట్టిన నేతచీరలా చెప్పిన మాట వినదు. రబ్బరు వింటుంది. మూలల దగ్గర మేస్త్రి, కూలీ, మా వారు ముగ్గురూ చేతులెత్తేశారు. మూలకి వచ్చిన గుడ్డని ఏం చెయ్యాలో ఆడదానికి నేర్పాలా? కుచ్చిళ్లు పెట్టాను. ఒకే వైపుకి, వరసగా, అణిచి. మేస్త్రి ఒక్క మాట అనలేదు, చూస్తూ నిలబడ్డాడు.

ఒడ్డున మిగిలింది వెంటనే కోసేస్తానన్నాడు. ఆపాను. నీళ్లు నిండేకొద్దీ బరువుకు షీటు లోపలికి జరుగుతుంది. నిజంగానే మూడంగుళాలు జరిగింది. ముందే కోసి ఉంటే ఇంకో పూత మేళం మొదలయ్యేది. నిండాకే కోసి, అంచు ఎండకు పాడవకుండా కడప బండల కింద కప్పేశాం. బండల దగ్గరి కొత్త సిమెంటు నీళ్లలో పడితే సున్నం కక్కుతుంది, చేపలకు పడదు. అందుకని రెండుసార్లు నీళ్లు తోడి మార్చి, ఆనక వదిలాం. తోడిన నీళ్లను డ్రమ్ముల్లో పట్టి మేడ మెట్లు కడిగించాను. ఒక్క చుక్క తూర్పుకు వెళ్లనివ్వలేదు.

మళ్లీ బకెట్టు పెట్టాను. బకెట్టులో ఎంత తగ్గిందో నీలోనూ అంతే. మూడు రోజులు కొలిచాను. మూడు రోజులూ అంతే. నాలుగో రోజు మా వారు టీ తెచ్చారు.

ఇట్లు,
తొట్టి లెక్క ఆరేళ్లు ఆలస్యంగా చేసిన
లెక్కల టీచరు

తా.క.: పల్లం వైపు పక్కింటి పిన్నిగారు నీకు తెలుసు. మన గోడకు ఆనుకుని వాళ్ల అరటి గుబురు. ఏటా గెల కోసినప్పుడల్లా మనకో చక్కెరకేళి అత్తం పట్టుకొచ్చి ఇచ్చేవారు. ‘ఏ ఎరువూ వెయ్యలేదమ్మాయ్, చెంబెడు నీళ్లు పోసిన పాపాన పోలేదు. నా చెయ్యి అలాంటిది’ అనేవారు. మేమూ ఆ చేతిని మెచ్చుకుంటూ తినేవాళ్లం. మొన్న మే ఎండల్లో గోడ మీంచి పిలిచారు. అరటాకులు వేలబడి, అంచులు మాడి ఉన్నాయి. ఎరువు వెయ్యాలేమో పిన్నిగారూ అన్నాను, ఎటో చూస్తూ. ఆవిడ నన్ను కాసేపు చూసి, గొంతు తగ్గించి అడిగారు.

‘మీ కొలను బాగు చేయించేశారేటమ్మా?’