ఆర్కిడ్‌కు వంటింటి కత్తెర పెట్టకండి

"పూలు రాలిపోగానే ఆర్కిడ్ కాడను మొదలుకంటా కోసేయండి. ఆకుల్లేని పాత కాండాలు, కుండీ బయటికి వేలాడే వేర్లు కూడా తీసేయండి. ఇంట్లో ఉన్న కత్తెర చాలు, శానిటైజర్‌తో తుడిచి వాడండి. కోసిన చోటల్లా దాల్చినచెక్క పొడి అద్దండి. నెలలో మళ్లీ పూస్తుంది."

మొక్కలు పెంచేవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో తెగ తిరుగుతున్న సలహా ఇది. నాకే నాలుగు చోట్ల నుంచి వచ్చింది. పంపినవాళ్లు మంచి మనసుతోనే పంపారు, సందేహం లేదు. కానీ దీన్ని ఉన్నదున్నట్టు పాటిస్తే మొక్క మిగలడం కష్టం.

ముందు కత్తెర సంగతి. అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది అదే. ఆర్కిడ్లకు ముఖ్యంగా రెండు వైరస్‌లు పడతాయి: సింబిడియం మొజాయిక్, ఒడాంటోగ్లాసమ్ రింగ్‌స్పాట్. రెండూ మొక్క రసం ద్వారానే పాకుతాయి. ఒక మొక్కను కోసిన బ్లేడుకు అంటిన తడి చాలు, పక్క మొక్కకు చేరడానికి. పైగా వైరస్ ఉన్న మొక్క చాలాసార్లు చూడ్డానికి ఆరోగ్యంగానే ఉంటుంది, పూలూ పూస్తుంది. కాబట్టి "నా మొక్కలకు ఏ జబ్బూ లేదు" అని కంటితో చూసి చెప్పలేం. ఒకసారి పట్టిందంటే మందు లేదు, మొక్కను తీసి పారేయడమే.

శానిటైజర్‌తో, స్పిరిట్‌తో తుడిస్తే బాక్టీరియా చాలావరకు చస్తుంది. ఈ వైరస్‌ల విషయంలో మాత్రం దాన్ని నమ్ముకోలేం. రింగ్‌స్పాట్ వైరస్ పొగాకు మొజాయిక్ వైరస్ కుటుంబానికి చెందినది, చాలా మొండిది. మూడేళ్ల కిందట నేను ఒకే కత్తెరను స్పిరిట్‌తో తుడుచుకుంటూ ఆరు డెండ్రోబియమ్ రకం ఆర్కిడ్లను వరుసగా కత్తిరించాను. కొన్ని నెలల తర్వాత ఒకదాని వెంట ఒకటి, ఆకుల మీద గుంటలు పడిన నల్లటి చారలు కనిపించాయి. ఆరింటినీ పారేయాల్సి వచ్చింది. ఆ బాధ ఇంకా పోలేదు, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

మరి ఏం వాడాలి? ఇంటి పెంపకానికి షేవింగ్ బ్లేడంత మంచి సాధనం ఇంకోటి లేదు. మొక్కకో కొత్త బ్లేడు, పని కాగానే దాన్ని కాగితంలో చుట్టి పారేయాలి. కత్తెరే కావాలంటే రెండు అంచులూ ఒకదాని పక్కగా ఒకటి జారే రకం తీసుకోండి. ఒక అంచు వెళ్లి బల్లపరుపు ఇనుము మీద పడే రకం మెత్తటి కాడను కోయదు, నలిపేస్తుంది. మొక్కకూ మొక్కకూ మధ్య ఆ అంచుల్ని మంటలో బాగా కాల్చి, చల్లారాకే మళ్లీ వాడాలి.

ఇక పూల కాడ. ఫాలినాప్సిస్ అనే రకం ఆర్కిడ్‌లో కాడ పచ్చగా ఉన్నంతకాలం దానిలో ప్రాణం ఉన్నట్టే. కింది నుంచి రెండో మూడో కణుపుకు కాస్త పైన కోస్తే, చాలాసార్లు ఆ కణుపు నుంచి పక్క కొమ్మ వచ్చి పూస్తుంది. మొక్క నీరసంగా ఉంటే మాత్రం మొదలుకంటా కోసి విశ్రాంతి ఇవ్వడం మేలు. గోధుమరంగుకు తిరిగి ఎండిన కాడను ఎలాగూ తీసేయొచ్చు.

పాత కాండాలు తీసేయమనడం డెండ్రోబియమ్‌కు అన్యాయం. మన నర్సరీల్లో ఎక్కువగా దొరికే ఊదా-తెలుపు పూల సోనియా ఈ జాతిదే. ఆకులు రాలి మోడులా కనిపించే కాండంలోనే అది నీళ్లు, ఆహారం దాచుకుంటుంది. కొత్త పిలక దాన్ని తాగే ఎదుగుతుంది. ఆ మోడు నుంచే మళ్లీ పూలు రావచ్చు, పిల్ల మొక్కలూ రావచ్చు. పూర్తిగా ముడుచుకుపోయి ఎండినదాన్నో, కుళ్లినదాన్నో తప్ప ముట్టుకోకండి.

వేలాడే వేర్లు కూడా అంతే. మన తూర్పు కనుమల్లో మామిడి కొమ్మల మీద పెరిగే వాండా అనే ఆర్కిడ్‌ను చూడండి, దాని వేర్లు గాలిలోనే ఉంటాయి. వేరు మీద తెల్లటి స్పాంజి లాంటి పొర ఉంటుంది. వాన చినుకు పడగానే పీల్చుకుని పచ్చబడుతుంది. నొక్కితే గట్టిగా ఉన్న వేరు బతికున్నది. మెత్తగా, బోలుగా ఉన్నదే కోయాల్సింది.

దాల్చినచెక్క పొడి తడిని లాగేస్తుంది. ఆకు మీద గాయానికి చిటికెడు అద్దితే ఫర్వాలేదు. వేర్ల మీద చల్లితే మంచి వేర్లూ ఎండిపోతాయి.

చివరి మాట, నెలలో పూస్తుందని. ఫాలినాప్సిస్‌ను పూయించేది కత్తిరింపు కాదు, చల్లదనం. 28 డిగ్రీలు దాటిన వేడిలోనే ఉంచితే కొత్త కాడ వేయదు. కాడ కనిపించాక కూడా మొగ్గ విచ్చడానికి దాదాపు మూడు నెలలు పడుతుంది. నవంబరులో రాత్రులు చల్లబడగానే కుండీని గాలి తగిలే కిటికీ దగ్గరికి జరపండి.