మూరెడు దూరంలో ఉండే బ్యాక్‌సైట్ గారికి

తుపాకీ గొట్టం మీద కంటి వైపున గురి గాడిగా కొలువున్న మహారాజశ్రీ బ్యాక్‌సైట్ గారికి, విశాఖపట్నం నుంచి తమ పాత కుడికన్ను రాయించుకొను విన్నపం. ఉభయకుశలోపరి. ఇక్కడ మేము క్షేమం. అక్కడ తమరు క్షేమమో కాదో చెప్పలేం, తమరు కనబడితే కదా!

మా డాబా ఎక్కితే సముద్రంలో లంగరేసిన ఓడలు లెక్కపెట్టగలను. డాల్ఫిన్స్ నోస్ మీద లైట్‌హౌస్ శుభ్రంగా కనబడుతుంది. యాభై మీటర్ల అవతల టార్గెట్ మీద నల్లచుక్క గుండ్రంగానే ఉంది. గొట్టం చివర గురి మొన ఫోర్‌సైట్ గారు, కాస్త చిక్కినా, నిలబడే ఉన్నారు. ముక్కుకి మూరెడు దూరంలో ఉన్న తమరు మాత్రం మాయం. ఏ ఆఫీసుకి వెళ్ళినా ఇదే వరస. పెద్ద సారు దొరుకుతారు, ఆయన పైన ఉన్న సారు కూడా దొరుకుతారు. ఫైలు మీద మొదటి సంతకం పెట్టాల్సిన గుమాస్తా సీట్లో ఉండడు. ఆయన సంతకం లేకపోతే మిగతా ఇద్దరూ ఉన్నా పని జరగదు. తమరు ఆ సీటు మనిషి.

తమ వంశం సామాన్యమైంది కాదు, ఒప్పుకుంటాను. 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ మీద కూర్చున్నారు. తూటాకి పూసిన కొవ్వు గురించి పుకారు లేచి 1857లో సిపాయిలు తిరగబడింది ఆ తుపాకీ విషయంలోనే. దూరాన్ని బట్టి గురి సర్దే తమ నిచ్చెన పైకి లేపితే 900 గజాల దాకా అంకెలు చెక్కి ఉన్నాయి. వాటిని చదవాలంటే నాకిప్పుడు భూతద్దం కావాలి. నేను భూతద్దం పట్టుకుంటే తుపాకీ ఎవరు పట్టుకుంటారు? మా తాతగారి నుంచి నాన్నగారికి, ఆయన నుంచి నాకు లైసెన్సుతో సహా వచ్చారు. ఎలక్షన్ కోడ్ పడిన ప్రతిసారీ స్టేషన్‌లో డిపాజిట్ అయ్యి, ఓట్ల లెక్కింపు అయ్యాక కొత్త తుప్పుతో ఇంటికొచ్చారు. ఇన్ని చూసిన వారికి నా వయసు ఒక్కటే చిన్నచూపైందా?

అసలు తమరిని తయారు చేసినవాడు కుర్ర సిపాయిని చూసి చేశాడు. మన మన్యంలో 1922 ఆగస్టులో చింతపల్లి స్టేషన్ నుంచి తుపాకులు పట్టుకెళ్ళిన అల్లూరికి అప్పటికి పాతికేళ్ళు. ఆ వయసులో కంటిలోని కటకం మెత్తగా ఉంటుంది. తమ దగ్గర్నుంచి ఫోర్‌సైట్‌కి, అక్కడ్నుంచి టార్గెట్‌కి క్షణంలో మారిపోతుంది. మూడూ ఒకేసారి కనబడుతున్నాయని కుర్రాడు అనుకుంటాడు. నిజానికి ఏ వయసులోనూ కంటికి ఒకసారి ఒక్కటే స్పష్టంగా కనబడుతుంది. నలభై దాటేసరికి ఆ కటకం గట్టిపడి ఆ పరుగు మానేస్తుంది. చత్వారమంటే ఇంతే. కాలేజీలో మా ఎన్‌సీసీ హవల్దారు, "టార్గెట్ మసగ్గా ఉన్నా పర్లేదు, ఫోర్‌సైట్ చూడు" అని అరిచేవాడు. తమరి పేరు ఆయన ఎత్తినట్టే గుర్తులేదు. అప్పుడే అనుమానించాల్సింది.

అయినా మూతి నుంచి మందు కూరే తుపాకీలో ఒక గొప్ప సౌకర్యం ఉంది. గురి తప్పితే నింద వేయడానికి కావలసినంతమంది దొరుకుతారు. మొదట మందు. 75 పాళ్ళు సురేకారం, 15 పాళ్ళు బొగ్గు, 10 పాళ్ళు గంధకం. అందులో మన ఊరి తేమ ఎన్ని పాళ్ళు కలిసిందో ఎవరు చూశారు? తర్వాత గుండుకి రాసే గ్రీజు. రోహిణీ కార్తెలో విశాఖ ఎండకి అది గ్రీజు కాదు, నూనె. తర్వాత గొట్టంలో పేరుకున్న మసి, ప్రతి గుండుకీ అది పెరుగుతుంది. కడ్డీతో ఒకసారి గట్టిగా దట్టించి ఇంకోసారి మెత్తగా దట్టించిన చెయ్యి. మందుని అంటించాల్సింది పోయి అర క్షణం ఆలస్యంగా పేలిన క్యాప్. ఇంతమంది ఉండగా కంటిని అనుమానించేంత పాపిష్టివాణ్ణి కాను. మందూ మసీ లేని ఎయిర్ రైఫిల్ వాళ్ళని చూస్తే జాలేస్తుంది. పాపం వాళ్ళకి నింద వేయడానికి ఎవరున్నారు?

పైగా పొగ ఒకటి. ట్రిగ్గర్ నొక్కగానే తెల్లటి పొగ కమ్మేస్తుంది. అది తేలిపోయే దాకా నేను మంచి షూటర్‌నే. మన సముద్రపు గాలికి మాత్రం ఆగేంత మర్యాద లేదు, పొగని వెంటనే ఊడ్చేసి ఉన్నదున్నట్టు చూపించేస్తుంది. హైదరాబాదులో అయితే ఇంకాసేపు పరువు నిలిచేది.

తమరి కోసం జగదాంబ దగ్గర కళ్ళద్దాల షాపుకి కూడా వెళ్ళాను.

"పేపరు చదవడానికాండి, టీవీకాండి?" అన్నాడు కుర్రాడు.

"రెండూ కాదు బాబూ. మూరెడు దూరంలో ఉన్న చిన్న ఇనుప ముక్క తెలియాలి."

"అయితే కంప్యూటర్ గ్లాసెస్ అండి."

"కంప్యూటర్ కాదు, తుపాకీ."

కుర్రాడు ఓనర్ని పిలుచుకొచ్చాడు. ఓనరు ప్రోగ్రెసివ్ అద్దాలు అంటగట్టబోయాడు. వాటిలో దగ్గరివి చూసే భాగం కింద ఉంటుంది. దాంట్లోంచి చూడాలంటే గెడ్డం ఎత్తాలి. గెడ్డం ఎత్తితే చెంప తుపాకీ బట్ మీద నుంచి లేచిపోతుంది, ఇంక గురేముంది? చివరికి తుపాకీ పట్టే ముసలాళ్ళంతా వాడే లెక్కే రాయించుకున్నాను: దూరపు నంబరుకి అర పాయింటు కలపడం. ఫోర్‌సైట్ తేటగా వచ్చింది, టార్గెట్ కాస్త మసగ్గా ఉన్నా సర్దుకుంది. ఈ లెక్కలో కూడా తమరు లేరు.

ఇంక మిగిలింది నల్ల టేపు. కుడి అద్దం మీద చిన్న టేపు ముక్క అంటించి, మిల్లీమీటరు పైచిలుకు చిల్లు పెట్టాను. కంటికి వెళ్ళే దారి ఇరుకైతే దగ్గరదీ దూరందీ రెండూ కాస్త కుదురుకుంటాయి. అందుకే నడినెత్తి ఎండలో, కంటిపాప చిన్నదైనప్పుడు, తమరి గాడి అంచులు కొంచెమైనా దర్శనమిస్తాయి. సాయంత్రం చల్లబడ్డాక వద్దామంటే తమరుండరు. మొత్తానికి చిల్లులోంచి తమరు కనబడ్డారు, చీకట్లో కూర్చుని ఉన్నట్టు. మా ఆవిడ చూసి, "ఆ నల్లచుక్క ఏంటండీ, దిష్టి తగలకుండానా? ఎవరు పెడతారండీ మీకు దిష్టి!" అంది.

తమరిని గొట్టం మీద కాస్త ముందుకి జరిపితే తేటపడతారని కూడా విన్నాను. గాడిలో బిగించిన సైటైతే జరుగుతుందట. తమరిని టంకం వేసి అతికించారు, పర్మనెంట్ ఉద్యోగి. బదిలీ కుదరదు, రిటైర్మెంట్ నాకే గాని తమరికి లేదు.

ఈ తుపాకుల ప్రపంచ పోటీల్లో అరగంటలో 13 గుళ్ళు కాలిస్తే మంచివి 10 మాత్రమే లెక్కేస్తారు. ఆ రూలు రాసిన కమిటీలో కనీసం ఒకాయనకైనా చత్వారం ఉండే ఉంటుంది. ఆయనకి నా నమస్కారాలు.

ఇట్లు,
తమ విధేయుడు, కుడికన్ను

తా.క.: శుక్లం మొదలైందని డాక్టరుగారు అన్నారు. ఆపరేషన్‌లో పెట్టే మామూలు లెన్స్ ఒక్క దూరానికే పనిచేస్తుందట, దగ్గరికి పెట్టమంటారా దూరానికి పెట్టమంటారా అని అడుగుతున్నారు. దగ్గరికి పెట్టించుకుంటే ఈ జన్మకి తమరు దొరుకుతారు, టార్గెట్ పోతుంది. ఇంట్లోవాళ్ళు దూరానికే అంటున్నారు. తమరి అభ్యంతరాలేమైనా ఉంటే వెంటనే రాతపూర్వకంగా తెలియజేయగలరు. కాస్త పెద్ద అక్షరాలతో.